హెచ్-1బి మీద ఉన్నవాళ్లు పాత స్విస్ రైఫిల్‌ని సెంటర్‌ఫైర్‌కి మార్పించుకోవచ్చా?

ప్రశ్న: డాలస్‌లో హెచ్-1బి మీద ఉద్యోగం చేస్తున్నాను. ఎస్టేట్ సేల్‌లో 1878 మోడల్ స్విస్ వెటర్లీ రైఫిల్ కొన్నాను. యాంటిక్ కాబట్టి ఏ కాగితమూ అక్కర్లేదన్నారు. దాని రిమ్‌ఫైర్ తూటాలు (అంచు మీద కొడితే పేలేవి) ఎక్కడా దొరకడం లేదు. తెలిసిన గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసేవాడు) బోల్ట్, అంటే తూటాని కొట్టే పిన్ను ఉండే భాగం మార్చి సెంటర్‌ఫైర్ (తూటా నడిమధ్య కొడితే పేలేలా) చేసిస్తానంటున్నాడు, కావాలంటే బ్యారెల్ కూడా పొట్టి చేస్తాడట. చేయించుకోవచ్చా? వచ్చే ఏడాది న్యూజెర్సీకి మారాల్సి రావచ్చు.

జవాబు: కాగితాలు అక్కర్లేదన్న మాట నిజమే. 1968 నాటి గన్ కంట్రోల్ యాక్ట్ ప్రకారం 1898లో గానీ అంతకుముందు గానీ తయారైన తుపాకీ యాంటిక్, అంటే ఆ చట్టం లెక్కలో అది ఫైరార్మే కాదు. స్విస్ సైన్యం 1889లోనే వెటర్లీని పక్కనపెట్టి ష్మిట్-రూబిన్ అనే కొత్త రైఫిల్‌కి వెళ్లిపోయింది కాబట్టి తేదీ విషయంలో మీకు టెన్షన్ లేదు. ఆ నిర్వచనంలో రిమ్‌ఫైర్, సెంటర్‌ఫైర్ అన్న మాటలు కనిపిస్తాయి, అవి చూసి చాలామంది కంగారుపడతారు, కానీ ఆ షరతు కొత్తగా చేసే నకళ్లకే. అసలు పాతదానికి తయారైన ఏడాది ఒక్కటే లెక్క. తూటా అంచు మీద రెండు చోట్ల కొట్టే ఆ ఫైరింగ్ పిన్ తీసేసి నడిమధ్యలో కొట్టేది పెట్టించినా మీ రైఫిల్ యాంటిక్‌గానే ఉంటుంది.

ఇక బ్యారెల్ సంగతి. వద్దు, ముట్టుకోనివ్వకండి. 1934 నాటి నేషనల్ ఫైరార్మ్స్ యాక్ట్‌లో యాంటిక్ నిర్వచనం వేరు. కార్ట్రిడ్జ్ పేల్చే పాత తుపాకీకి అక్కడ మినహాయింపు కావాలంటే ఆ తూటా అమెరికాలో తయారవడం ఆగిపోయి ఉండాలి, మామూలు బజార్లో దొరక్కూడదు కూడా. దొరికే తూటాకి మార్పించి, బ్యారెల్ 16 అంగుళాల లోపుకి గానీ మొత్తం పొడవు 26 అంగుళాల లోపుకి గానీ కోయించారంటే అది రిజిస్టర్ కాని షార్ట్ బ్యారెల్డ్ రైఫిల్. పదేళ్ల దాకా జైలు.

మీరు అడగనిది, నన్ను ఎక్కువ భయపెడుతున్నది తూటా. వలస వీసా కాని వీసా మీద వచ్చినవాళ్లు ఫైరార్మ్ గానీ అమ్యూనిషన్ గానీ దగ్గర ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టం 922(జి)(5) అంటుంది. అమ్యూనిషన్ అంటే తయారైన తూటా ఒక్కటే అనుకోకండి. ఏ ఫైరార్మ్ కోసమైనా తయారుచేసిన ఖాళీ ఇత్తడి కేసు (తూటా తొడుగు), ప్రైమర్ (కొట్టగానే నిప్పు పుట్టించే చిన్న బిళ్ల), బుల్లెట్, తుపాకీ మందు, వీటిలో ఏ ఒక్కటైనా అమ్యూనిషనే. సెంటర్‌ఫైర్ వెటర్లీకి కేసుల్ని చాలామంది .348 వించెస్టర్ కేసుల నుంచి చేసుకుంటారు, అది 1936లో వచ్చిన రైఫిల్ తూటా. ప్రైమర్లూ అంతే, ఈనాటి తుపాకుల కోసం చేసినవే. అంటే గోడకి తగిలించిన రైఫిల్ వల్ల ఏ ఇబ్బందీ ఉండదు, టేబుల్ సొరుగులోని ప్రైమర్ల డబ్బా మాత్రం మిమ్మల్ని కేసులో ఇరికిస్తుంది. శిక్ష పదిహేనేళ్ల దాకా, పైగా ఇమిగ్రేషన్ చట్టంలో అది అగ్రవేటెడ్ ఫెలనీ (తీవ్రమైన నేరం), అంటే డిపోర్టేషనే. ఐ-140 (గ్రీన్‌కార్డ్ కోసం కంపెనీ పెట్టే పిటిషన్) అప్రూవ్ అయింది కదా అంటారేమో, అది ఇక్కడ పనికిరాదు. మా ఆవిడ పేరు మీద కొంటానంటారేమో, హెచ్-1బి వాళ్ల భార్యాభర్తలకిచ్చే హెచ్-4 కూడా అదే కోవ.

దారి లేకపోలేదు. అమెరికాలో ఏదైనా రాష్ట్రం ఇచ్చిన హంటింగ్ లైసెన్స్ మీ దగ్గర ఉంటే ఈ నిషేధం మీకు వర్తించదు. టెక్సస్‌లో అది తేలిగ్గానే దొరుకుతుంది, కానీ ఆగస్టు 31తో గడువు అయిపోతుంది. రెన్యూ చేయకుండా సెప్టెంబర్ 1న ఇంట్లో ప్రైమర్లు ఉంటే మీకు రక్షణ లేనట్టే. కాబట్టి ముందు లైసెన్స్, తర్వాతే గన్‌స్మిత్. గ్రీన్‌కార్డ్ చేతికొస్తే ఈ వీసా నిషేధం గొడవే ఉండదు.

న్యూజెర్సీ విషయానికొస్తే, అక్కడి చట్టం పాత రైఫిల్‌ని యాంటిక్ అనాలంటే 1898కి ముందుది అయితే చాలదు, దాని తూటా బజార్లో దొరక్కూడదు, దాన్ని చారిత్రక వస్తువుగానో అలంకారంగానో ఉంచుకోవాలి. రిమ్‌ఫైర్‌గా ఉన్నంతకాలం మీ వెటర్లీ ఇందులో ఇమిడిపోతుంది. దొరికే సెంటర్‌ఫైర్ తూటాకి మార్పించారో, ఆ మినహాయింపుని మీ డబ్బులిచ్చి మీరే వదిలించుకున్నట్టు. ఎడిసన్‌లో ఇల్లు వెతుక్కునే ఆలోచన నిజంగా ఉంటే బోల్ట్ జోలికి వెళ్లకండి. ఇప్పటికే మార్పించేసి ఉంటే తీసేసిన పాత భాగాలు పారేయకుండా దాచి, సామాను సర్దకముందే అక్కడి లాయర్‌తో ఒకసారి మాట్లాడండి.