భుజాస్థి భుజంలో ఎందుకు లేదు?

సందేహం: గురువుగారికి నమస్కారాలు. నేను కావలి దగ్గర ఒక హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతున్నాను. అస్థిపంజరం పాఠంలో మోచేతికి పైనుండే పొడవాటి ఎముకను భుజాస్థి అని బోర్డు మీద రాశాను. ఒక పిల్లవాడు లేచి, పుస్తకాల సంచి తగిలించుకునే చోట చెయ్యి పెట్టుకుని, "భుజం ఇక్కడ కదా టీచర్, ఆ ఎముక చేతిలో ఉంటే భుజాస్థి అని ఎందుకన్నారు?" అని అడిగాడు. నాకు జవాబు తోచలేదు. భుజాస్థి అనడం తప్పా? అసలు భుజం దగ్గరుండే ఎముకలకు మన మాటలేమిటి? ప్రక్కటెముక అనాలా, పక్కటెముక అనాలా అనేది కూడా చెప్పగలరు.

సమాధానం: అమ్మా, ముందు ఆ పిల్లవాడికి నా ఆశీస్సులు చెప్పండి. ఒంటి మీద చెయ్యి పెట్టి చూసుకుని మాటను అనుమానించేవాడు భాషకూ పనికొస్తాడు, వైద్యానికీ పనికొస్తాడు. వాడు తప్పు అనలేదు. మీ పుస్తకమూ తప్పు రాయలేదు. భుజం అనే మాట సంస్కృతంలో ఒకచోట పుట్టి, తెలుగులోకి వచ్చాక జానెడు పైకి ఎక్కింది. తిరకాసంతా ఆ జానెడులోనే ఉంది.

వినాయక చవితి నాడు అందరం చదివే శ్లోకమే తీసుకోండి. "శుక్లాంబరధరం విష్ణుం శశివర్ణం చతుర్భుజం". చతుర్భుజుడంటే నాలుగు చేతులవాడు. నాలుగు భుజాలవాడని తెలుగు అర్థం పట్టుకుంటే సంచులు తగిలించుకునే చోట్లు నాలుగు అవుతాయి, దేవుడి బొమ్మ గీసేవాడికి దిక్కు తోచదు. మీ పక్క గదిలో లెక్కల మాస్టారు చెప్పే త్రిభుజమూ అంతే. అక్కడ భుజమంటే చాచిన చెయ్యిలాంటి గీత. ఆర్యభటుడి కాలం నుంచీ మన గణితంలో భుజ, కోటి, కర్ణం అని మూడు గీతల పేర్లు నడుస్తున్నాయి. వాటిలో భుజను చెయ్యిగానే ఊహించారు.

ధాతువు దగ్గరకు వెళితే ఇంకా తేటపడుతుంది. "భుజో కౌటిల్యే" అని సంస్కృత ధాతువుల పట్టిక అయిన ధాతుపాఠం. భుజ్ అంటే వంగడం, వంకర పోవడం. వంకరగా పోయేది కాబట్టి పాము భుజగం, భుజంగం అయింది. వంగిపోయినది భుగ్నం. మోచేతి దగ్గర మడతపడే అవయవం కాబట్టి చెయ్యి భుజం. పాము, చెయ్యి ఒకే ధాతువు బిడ్డలన్నమాట. నిద్రపోయే పిల్లల చేతులు చాప మీద వంపు తిరిగి పడి ఉండగా చూసినవారికి ఈ చుట్టరికం వింతగా అనిపించదు. ఏనుగు తొండానికీ, చెట్టు కొమ్మకూ కూడా సంస్కృతంలో భుజం అనే పేరుంది. అవీ వంగేవే. భోజనానికి మూలమైన ఇంకో భుజ్ ధాతువు ఉంది, దేనితో తింటామో అది భుజం అని వ్యుత్పత్తి చెప్పేవారూ ఉన్నారు. నేను వారితో తగాదా పడను గాని, నా మనసు వంపు వైపే మొగ్గుతుంది. ఎటు తీసుకున్నా అది చెయ్యే తప్ప మెడ పక్కనుండే చదును కాదు.

ఇక అమరసింహుడు. మా తరం వాళ్లం అర్థం తెలియని వయసులో ఆయన సంస్కృత నిఘంటువు అమరకోశం వల్లె వేశాం. తెలిసే వయసు వచ్చేసరికి ఆ శ్లోకాలు దీపాల్లా పనికొచ్చాయి. మనుష్యవర్గంలో ఆయన మనిషిని పాదాల నుంచి పైకి తడుముతూ వస్తాడు. "స్కంధో భుజశిరోఽంసోఽస్త్రీ" అంటాడు. స్కంధం, భుజశిరస్సు, అంసం, ఈ మూడూ ఒకదానికే పేర్లు. మీ విద్యార్థి చెయ్యి పెట్టిన చోటు అదే. ఆ మధ్య మాట చూడండి, భుజశిరస్సు, అంటే భుజానికి తల. చేతికి ఒక తల ఉంటుందట, ఆ తల ఉన్న చోటు మనం భుజం అనే చోటట! మీ పాఠంలోని బొమ్మ పక్కన పెట్టుకుని చదవండి. భుజాస్థి పై కొన బంతిలో ముక్కలా గుండ్రంగా ఉండి, వీపు మీది రెక్క ఎముకలోని లోతులేని గుంటలో కూర్చుంటుంది. డాక్టర్లు దాన్ని ఎముక తల అనే అంటారు. ఆ గుంట లోతు తక్కువ కాబట్టే చెయ్యి అన్ని వైపులకూ తిరుగుతుంది, ఆ కారణానికే తేలిగ్గా గూడ జారుతుంది కూడా. అమరుడు ఎముకలు విప్పి చూసి ఆ మాట రాశాడని నేననను. కానీ పేరు పెట్టినవాళ్లెవరో చేత్తో తడిమి చూసి పెట్టారని మాత్రం గట్టిగా నమ్ముతాను.

ఆ వెంటనే చెయ్యిని కూడా విడదీస్తాడు. "కఫోణిస్తు కూర్పరః, అస్యోపరి ప్రగండః స్యాత్, ప్రకోష్ఠస్తస్య చాప్యధః". మోచెయ్యి కూర్పరం, దాని పైభాగం ప్రగండం, కింది భాగం ప్రకోష్ఠం. కాబట్టి మీ ఎముకకు సంస్కృతంలోనే ప్రగండాస్థి అని పేరు పెట్టి ఉంటే ఏ తగవూ వచ్చేది కాదు. హిందీ పుస్తకాల వాళ్లు ప్రగండిక అనే అన్నారు. మనవాళ్లు భుజాస్థి అన్నారు. తప్పు కాదు, కాస్త వదులు. చెయ్యి మొత్తానికి ఉన్న పేరును సగం చేతికి ఇచ్చారు.

నెల్లూరు సీమవాళ్లం కాబట్టి భారతం ఎత్తకుండా ఉండలేను. ఉద్యోగ పర్వంలో, తిక్కన సోమయాజి మన పెన్న ఒడ్డున తెలుగు చేసిన ఆ రాయబారం ఘట్టంలో, ద్రౌపది తన జుట్టు చూపించి కృష్ణుడితో మాట్లాడుతుంది. వ్యాసుడి మాట "దుఃశాసనభుజం శ్యామం". నల్లని ఆ దుశ్శాసనుడి భుజం తెగి దుమ్ముకొట్టుకుని పడి ఉండగా చూడకపోతే నా గుండెకు శాంతి ఎక్కడిది అంటుంది. జుట్టు పట్టి ఈడ్చింది చెయ్యి. తెగిపడాల్సిందీ ఆ చెయ్యే. ఇక్కడ భుజానికి తెలుగు అర్థం వేస్తే ఆమె కోపం గురి తప్పుతుంది. అన్వయం తెలియక కొందరు ఉపన్యాసాల్లో "దుశ్శాసనుడి భుజాలు నరికి" అని మెడ పక్క చూపిస్తుంటే బాధగా ఉంటుంది.

సరే, సంస్కృతం సంగతి అది. తెలుగులో మాత్రం మీ పిల్లవాడిదే రాజ్యం. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడన్న సామెత ఉంది. బూడిద గుమ్మడికాయ పొడి అంటుకునేది మోసిన చోటే, చేతికంతా కాదు. భుజాన తువ్వాలు, భుజం తట్టడం, పిల్లను భుజానేసుకోవడం, అన్నీ పై చోటువే. ఇలా ఎందుకైంది? తెలుగుకు గోళ్ల దాకా సరిపోయే చెయ్యి అనే సొంత మాట గట్టిగా ఉంది. అరువొచ్చిన భుజానికి అక్కడ పని దొరకలేదు. భుజకీర్తులు పెట్టుకునే చోట, చేతికి మొదట్లో, చోటు చూసుకుని స్థిరపడిపోయింది. అలా స్థిరపడుతూ ఇంకో మంచి మాటను ఇంట్లోంచి వెళ్లగొట్టింది. నా దిగులంతా ఆ మాట గురించే. అది మూపు.

మూపు అచ్చ తెలుగు. పాత కావ్యాల్లో మనుషులకూ మూపులే. ఇప్పుడు అది ఎద్దులకే మిగిలింది. మా తాత ఒంగోలు గిత్తల జత మేపేవాడు. కాడి కట్టే ముందు రోజూ అరచేతిలో ఆముదం పోసుకుని వాటి మూపున రుద్దేవాడు. ఒకరోజు నా చెయ్యి పట్టుకుని కాడి ఆనే చోట పెట్టించాడు. పైన మూపురం మెత్తగా, వెచ్చగా కదిలింది. దాని ముందు, కాడి ఒరుసుకున్న చోట చర్మం చెప్పు అట్టలా మొద్దుబారి ఉంది. "మూపున కాయ కాసిందిరా, ఇంకేం పర్లేదు" అన్నాడు. మూపు, మూపురం ఒక ఇంటి మాటలని ఆ వేళ నా అరచేతికి తెలిసింది. ఆయన తన సొంత నొప్పి గురించి చెప్పేటప్పుడు కూడా మూపులు లాగుతున్నాయనేవాడు. భుజం అనేవాడు కాదు.

మీరు జీవశాస్త్రం టీచరు గనుక ఒక సంగతి చెబుతాను, పిల్లలకు పనికొస్తుంది. గిత్తకు జత్రుక, అంటే మెడ కింది అడ్డ ఎముక, లేదు. దాని ముందుకాళ్లు రొమ్ముగూటికి కండలతోనే వేలాడుతుంటాయి. అందుకే ముందుకూ వెనక్కూ అడుగేస్తుంది గాని మనలా చేతులు పక్కలకు బారచాపలేదు. మనకు మెడ కింద రెండు పక్కలా అడ్డకర్రల్లా జత్రుకలున్నాయి. చెయ్యి మొత్తం మొండేనికి ఎముకతో అతికేది ఆ ఒక్క జత్రుక ద్వారానే, అదీ రొమ్ము ఎముక దగ్గర. చెయ్యి చాచి కింద పడినప్పుడు ఆ దెబ్బంతా దాని మీదికి వచ్చి, అది విరగడం అందుకే అంత మామూలు. పేరు మాత్రం పాతదే. "సంధీ తస్యైవ జత్రుణీ" అని అమరుడు అంసం సంధుల్ని జత్రువులన్నాడు. సంధి పేరు ఎముకకు పాకింది. జనం కాలర్ బోన్ అంటున్నారు. అననివ్వండి, కానీ బోర్డు మీద జత్రుక రాయండి.

వీపు మీది ఎముకకు మీ పుస్తకంలో అంసఫలకం అని ఉంటుంది. ఇది ఆయుర్వేద వైద్యుడు సుశ్రుతుడి మాట. పిల్లలు దీన్ని చూసి జడుసుకోనక్కర లేదు. ఫలకం అంటే పలకే. మార్కాపురం పలకలు ఎరిగినవాళ్లకు ఇంతకంటే తేలిక మాట ఏముంది? పలచగా, మూడు మూలలుగా, రెండో పక్కటెముక నుంచి ఏడోదాని దాకా వీపున ఆనుకుని ఉండే పలక. పక్కటెముకలకు దానికీ కీలు లేదు, కండల మధ్య జారుతూ ఉంటుంది. ఇంట్లో రెక్క ఎముక అంటాం. ఆ మాటా మంచిదే. "రెక్క పట్టుకుని లాక్కొచ్చాడు", "రెక్కలు ముక్కలు చేసుకున్నాడు" అన్నప్పుడు రెక్క అంటే మూపు నుంచి మోచేతి దాకా. రెక్కాడితే గాని డొక్కాడదు. డొక్కకు కడుపనే చెబుతారు గాని, పక్కటెముకలు ఆగిపోయే ఆ మెత్తని చోటుకే అది సరిగ్గా సరిపోతుంది. బక్కచిక్కిన గొడ్డుకు డొక్కలు ఎగసిపడుతున్నాయంటాం కదా.

మోచేతికి పైభాగానికి జబ్బ ఉంది, దండ ఉంది. తాయెత్తు జబ్బకు కడతారు, కడియం దండకు పెడతారు. దండకడియం అనే మాట నగల దుకాణాల్లో ఇంకా బతికే ఉంది, దండ మాత్రం చచ్చిపోతోంది. రెండేళ్ల కింద మెట్ల మీద జారి, ఒక ఆసుపత్రికి వెళ్లాను. దండ దగ్గర నొప్పి అన్నాను. కౌంటర్లో కుర్రవాడికి పూలదండే తెలుసు. చెయ్యి చూపించేలోపే కాగితం మీద షోల్డర్ అని రాసేశాడు. ఎక్స్‌రే షోల్డర్‌కే తీశారు. నొప్పి దానికి జానెడు కింద. మళ్లీ ఇంకో ఎక్స్‌రే, మళ్లీ డబ్బు. ఆ కుర్రవాణ్ణి అనడానికేం లేదు, వాడికి ఆ మాట చెప్పకుండా పెంచింది మనమే.

పత్రికలవాళ్లకు కూడా ఒక మాట. ఆటగాడికి "భుజం ఎముక విరిగింది" అని రాస్తారు. ఏ ఎముక? జత్రుకా, రెక్క పలకా, దండ ఎముకా? మూడింటికి మూడు రకాల కట్లు, మూడు రకాల గడువులు. ఇక "బాధ్యతను తన భుజస్కంధాలపై మోస్తున్నారు" అన్నది వారానికి నాలుగుసార్లు కనబడుతుంది. స్కంధమంటేనే మోసే చోటు. ముందు భుజమెందుకు? భుజానికి చెయ్యి అనే అర్థం తీసుకుని, చెయ్యీ మూపూ రెండూ అని ద్వంద్వ సమాసంగా సమర్థించవచ్చు. అలా అనుకుని రాస్తున్నవాళ్లు ఎంతమందో! భుజాలపై అంటే చాలు. మూపున అంటే ఇంకా సంతోషం.

మీ ప్రశ్నకు నా తీర్పు అడిగితే, పరీక్షలో భుజాస్థి రాసినవాడికి మార్కు తియ్యకండి. సమాసంలో ఆ మాట తన పాత అర్థంతోనే ఉంది. అయితే నోటితో చెప్పేటప్పుడు దండ ఎముక అని కూడా చెప్పండి. జబ్బ ఎముక అని ఎవరైనా అంటే కాదనను. మా ఊరి వైపు జబ్బ అంటే భుజం దాకా కూడా పాకుతుంది గనుక నేను దండనే కోరుకుంటాను.

పక్కటెముక సంగతి. గ్రాంథికంలో ప్రక్క, వాడుకలో పక్క. ఇప్పటి రచనకు పక్కటెముకే హాయి. నడుమ ట ఎలా వచ్చిందంటే చిగురుటాకు, పేరుటురము మాదిరి టుగాగమం అనబోతారు కొందరు. అక్కడ ముందున్నది ఉత్వం, ఇక్కడ అత్వం. పక్కటి ఎముక అని విడదీసుకోవడమే నాకు సబబుగా తోస్తుంది. మొత్తం 12 జతలు. పైనున్న 7 జతలు నేరుగా రొమ్ము ఎముకను అందుకుంటాయి, తర్వాతి 3 జతలు పైదాని మృదులాస్థిని పట్టుకుని వేలాడతాయి, చివరి 2 జతలు ముందుకు రాకుండానే ఆగిపోతాయి. గిత్తకు 13 జతలు.

రేపు తరగతిలో ఆ పిల్లవాణ్ణి ముందుకు పిలిచి, పక్కవాడి వీపు మీద అరచెయ్యి ఆనించమనండి. పక్కవాణ్ణి చెయ్యి నెమ్మదిగా పైకెత్తమనండి. చర్మం కింద పలక జరగడం వాడి చేతికే తెలుస్తుంది. అప్పుడు బోర్డు మీద అంసఫలకం అని రాసి, దాని పక్కన రెక్క పలక అని కూడా రాయండి.