మెషిన్ దగ్గర పనే కదా అని మానిపించకండి

ప్రశ్న: మాది గుంటూరు. మా అబ్బాయి మెకానికల్ డిప్లొమా చేశాడు. విజయవాడ దగ్గర ఎల్‌ఈడీ లైట్లకు ప్లాస్టిక్ లెన్సులు చేసే యూనిట్‌లో ఏడు నెలలుగా ట్రైనీ. రోజంతా మెషిన్ దగ్గరే ఉంటున్నాడు. మానిపించి ఈసెట్ రాయించమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దమ్మా. మీ టెన్షన్ నాకు అర్థమైంది, కానీ అబ్బాయి చేతిలో ఉన్న పని చిన్నది కాదు.

సీసా మూత కాస్త వంకరగా వచ్చినా సరిపెట్టుకుంటాం. లెన్స్‌కి అలా కుదరదు. మధ్యలో మందంగా ఉన్న చోటు ఆఖరున చల్లారి, కుంచించుకుపోతుంది. అక్కడ కంటికి ఆనని గుంట పడినా వెలుగు పక్కకు పోతుంది. గుంట పడకుండా హోల్డింగ్ ప్రెషర్, అంటే మౌల్డ్ (అచ్చు) నిండాక కూడా ప్లాస్టిక్‌ను నొక్కి ఉంచే బలం, పెంచితే, కరిగిన ప్లాస్టిక్ లోపలికి వచ్చే గేట్ దగ్గర లెన్స్‌లో ఒత్తిడి బిగుసుకుపోతుంది. మౌల్డ్ వేడి పెంచితే ఆ ఒత్తిడి తగ్గుతుంది గానీ, చల్లారడానికి టైమ్ పట్టి గంటకు వచ్చే లెన్సులు తగ్గుతాయి. లెన్స్‌కి వాడే పాలీకార్బనేట్ ప్లాస్టిక్ గింజల్ని 120 డిగ్రీల దగ్గర మూడు నాలుగు గంటలు ఆరబెట్టకపోతే వెండి చారలు వస్తాయి, అది వేరే తలనొప్పి.

ఈసారి ఇంటికొచ్చేటప్పుడు, యూనిట్ వాళ్లను అడిగి, పారేసే లెన్స్ ఒకటి తెమ్మనండి. ల్యాప్‌టాప్‌లో తెల్లటి స్క్రీన్ పెట్టి, పోలరైజ్డ్ కూలింగ్ గ్లాస్‌ను స్క్రీన్ నల్లబడేదాకా తిప్పండి. మధ్యలో లెన్స్ పెడితే గేట్ వైపు రంగురంగుల చారలు కనిపిస్తాయి. ఆ బిగుసుకున్న ఒత్తిడి అదే. మీ కళ్లతో చూస్తే అబ్బాయి పని మీద గౌరవం కలుగుతుంది.

ప్రెషర్, మౌల్డ్ వేడి లాంటి నాలుగు సెట్టింగులను మూడేసి స్థాయిల్లో మార్చి చూడాలంటే 81 ట్రయల్స్ కావాలి. తక్కువ ట్రయల్స్‌తో పని జరిపించే టగూచి పద్ధతిలో తొమ్మిదితో ముఖ్యమైనది ఏదో తేలుతుంది. వచ్చిన సెట్టింగ్‌ను మళ్లీ ఒకసారి నడిపి సరిచూసుకోవాలి, ఇది చాలామంది వదిలేస్తారు. ఈ పద్ధతి, దానితోపాటు ఆ లెక్కలు చేసే మినీట్యాబ్ సాఫ్ట్‌వేర్ నేర్చుకోమనండి. ప్రతి ట్రయల్‌నూ నోట్‌బుక్‌లో రాసుకోమనండి. రేపు ఇంటర్వ్యూలో ఆ నోట్‌బుక్కే మాట్లాడుతుంది.

ఇంకో ఏడాది అయ్యాక, సీపెట్ (కేంద్ర ప్రభుత్వ ప్లాస్టిక్స్ శిక్షణ సంస్థ) వాళ్ల ప్లాస్టిక్స్ మౌల్డ్ డిజైన్ పోస్ట్ డిప్లొమా మంచి దారి. మెకానికల్ డిప్లొమా వాళ్లు చేరవచ్చు, ఏడాదిన్నర కోర్సు. గన్నవరం దగ్గర సూరంపల్లి క్యాంపస్‌కి వెళ్లి సీట్ల సంగతి కనుక్కోండి. బీటెక్కే కావాలని అబ్బాయి గట్టిగా అనుకుంటే ఈసెట్ అప్పుడైనా రాయవచ్చు, నేరుగా రెండో ఏడాదిలో చేరతాడు.

ఒక్కటి మాత్రం గమనించండి. ఏడాది దాటినా లెన్స్‌కి గేట్ దగ్గర మిగిలిన ప్లాస్టిక్ కత్తిరించడం, పెట్టెల్లో సర్దడమే చేయిస్తూ సెట్టింగ్ మీద చెయ్యి వేయనివ్వకపోతే, అప్పుడు యూనిట్ మారమనండి.