మడక అన్న పిల్ల

పాపా,

మీ నాయన రాత్రి ఫోన్ చేసి నీకు ఎస్జీటీ పోస్టింగ్ వచ్చిందని చెప్పినాడు. బడికంతా నువ్వొక్కదానివే టీచరంట. మీ పెద్దమ్మ పొద్దున్నే దేవునికి టెంకాయ కొట్టింది. నాకే నిద్ర పట్టలేదు. "గ్రూప్-2 వచ్చేదాకా ఉంటాలే" అన్నావంటనే! ఆ మాట బడి గడప దాటి లోపలికి తీసుకుపోవద్దు, పిల్లోళ్లు పసిగడతారు.

హాజరు పొద్దున్నే వేయి. మధ్యాహ్నం అన్నం ముందు నువ్వు రుచి చూసినాకే పెట్టించు. పొద్దు గూకకముందే స్కూటీ తీయి. తాళం వేసేముందు గది మూలమూలా చూడు, ఒకటో తరగతోళ్లు ఎక్కడ కూర్చుంటే అక్కడే నిద్రపోతారు. రిటైరయి ఇన్నేళ్లయినా ఆ తాళం నా కలలోకి వస్తుంటుంది.

కొట్టడం సంగతి చెప్పక్కర్లేదు, 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నువ్వే నాకు అప్పజెప్తావు. కానీ నేను బెత్తం ముట్టకుండానే ఒక పిల్లను బడి మాన్పించినా. ఇది మీ నాయనకు కూడా తెలీదు.

1988, నా మొదటి బడి. మర్నాడు తనిఖీ ఉందని రెండో తరగతికి బొమ్మల చార్టు వల్లె వేయిస్తున్నా. నాగలి బొమ్మ చూపించేసరికి ముందు వరసలో ఒక పిల్ల ఎగిరి లేచి "మడక సార్!" అనింది. "మడక కాదు, నాగలి. పుస్తకం చూసుకో" అన్నా. తరగతంతా నవ్వింది. నేనూ నవ్వినా. తర్వాతి బొమ్మ ఉల్లిపాయ. ఆ పిల్లనే అడిగినా. ఇంట్లో అనే ఎర్రగడ్డ మాటే నోటిదాకా వచ్చి "ఎర్ర..." అని పెదాలు కదిలినాయి, అంతలోనే బిగబట్టుకునింది. ఆపైన ఎప్పుడు ఏమడిగినా పలకలోకి చూసేది. మొద్దు పిల్ల అనుకున్నా.

ఒక ఆదివారం ఇంటికొస్తే మీ జేజినాయన, "రేయ్, మడక కర్రు అరిగిపోయింది, కమ్మరోని కాడ కొట్టించుకొని రా" అన్నాడు. కర్రు చేతిలో పట్టుకొని అట్లే నిలబడిపోయినా. నాకు చదువు పెట్టించింది ఆ మడకే కదా!

అప్పటికే చెనిక్కాయలు పీకే కాలమొచ్చి ఆ పిల్ల బడికి రావడం మానేసింది. వాళ్లింటికి పోయినా. వసారాలో చెట్లకు కాయలు తెంపుతా ఉండింది. "మడక అన్నా సరైన మాటేమ్మా" అన్నా. తలెత్తలేదు. "దానికి సదువెక్కదులే సార్" అనింది వాళ్లమ్మ. ఎక్కనీయకుండా చేసింది నేనేనని నోరు తెరిచి చెప్పలేకపోయినా. ఆ పిల్ల మళ్లా రాలేదు.

మీ ఇప్పటి పుస్తకాల్లో ఒక పక్క ఇంగ్లీషు, ఒక పక్క తెలుగు. మడక నుంచి నాగలికి, నాగలి నుంచి ప్లౌకి, ఆరేళ్ల పిల్లోడు ఎన్ని వంకలు దాటాల? మొదటి నెల పాఠం తొందర వద్దు. బొమ్మ చూపించి "మీ ఇంట్లో ఏమంటారు?" అని అడుగు. వాళ్లు ఏది చెప్తే అది బోర్డు మీద రాయి, పక్కన పుస్తకం మాట రాయి. దేన్నీ కొట్టేయొద్దు.

ఆ ఊరి నుంచి ట్రాన్స్‌ఫర్ అయ్యేదాకా నేను రాసుకున్న మాటల నోటుబుక్కు మీ పెద్దమ్మ చెనిక్కాయల ఉంటల డబ్బాలో పెట్టి పంపిస్తాంది. చివర్న ఖాళీ పేజీలున్నాయి. ఉంటలు మాత్రం నువ్వొక్కదానివే తినొద్దు, బడికి తీసుకుపో.

మీ పెద్దనాయన