కీరదోసకాయ శాండ్‌విచ్‌లు తడిసిపోకుండా

అమ్మాయీ,

నీ స్నేహితురాలి సీమంతానికి ముప్పై మందిని టీకి పిలిచానని, కీరదోసకాయ, క్రీమ్ చీజ్ శాండ్‌విచ్‌లు నువ్వే చేస్తానని రాశావు. చాలా సంతోషం. అమెరికాలోని ఈ లూయీవిల్ వచ్చినప్పటి నుంచి వీటిని ఎన్ని విందులకు చేశానో లెక్క లేదు. ఇందులో పొయ్యి పని లేదు, తాలింపు లేదు. ఉన్న పనంతా నీటితోనే.

కీరలో నూటికి 95 పాళ్ళు నీరే. మొదటిసారి నేను ముందురోజు రాత్రే అన్నీ చేసి ఫ్రిజ్‌లో పెట్టాను. మర్నాడు ఎత్తబోతే అడుగు రొట్టె తడి కాగితంలా చిరిగి వేలికి అంటుకుంది. అతిథులు రావడానికి గంటే ఉంది. ఆ గంట నాకు ఇప్పటికీ గుర్తే. నీకు అలా జరగకూడదు.

ప్లాస్టిక్ తొడుగుతో అమ్మే పొడవాటి ఇంగ్లిష్ కీరలు మూడు తెచ్చుకో. తొక్క పల్చన, గింజలు తక్కువ. పప్పులో వేసుకునే మన పసుపు దోసకాయ దీనికి పనికిరాదు. కొన కోసి రుచి చూడు, చేదుగా ఉంటే పక్కన పెట్టెయ్యి. చక్రాలు ఎంత పల్చగా ఉండాలంటే, వెలుతురుకు ఎత్తిపడితే వెనకనున్న వేలు నీడలా కనిపించాలి. ఉప్పు చల్లి చిల్లుల గిన్నెలో ఇరవై నిమిషాలు ఉంచు. కాకరకాయను పిండినట్టు పిండకు, నలిగిపోతాయి. నూలు గుడ్డ మీద పరిచి, పైన ఇంకో గుడ్డ కప్పి అరచేత్తో అద్దు. గుడ్డ తడిసిందా, పొడిది తీసుకుని మళ్ళీ అద్దు. ఇక్కడ మాత్రం తొందరపడకు.

క్రీమ్ చీజ్ కాస్త మెత్తబడ్డాక నిమ్మతొక్క కోరు, మిరియాల పొడి, సన్నగా తరిగిన డిల్ ఆకు (మన సోయకూరే) కలుపు. ఉప్పు వద్దు, ముక్కల్లో ఉన్నది చాలు. దాన్ని రెండు రొట్టెలకూ అంచుల దాకా రాయాలి. ఆ కొవ్వు పూతే నీటికి అడ్డుగోడ. ఇంగ్లాండులో ఈ పని వెన్న చేస్తుంది. మా ఊళ్ళో జెన్నీ బెనెడిక్ట్ అనే ఆవిడ నూరేళ్ళ క్రితమే కీర రసాన్ని, ఉల్లి రసాన్ని క్రీమ్ చీజ్‌లోనే కలిపేసింది. ఇక్కడ ఇప్పటికీ దాన్ని ఆవిడ పేరుతోనే బెనెడిక్టైన్ అంటారు. నాకు మాత్రం పంటికి కరకరమని తగిలే చక్రాలే ఇష్టం.

227 గ్రాముల క్రీమ్ చీజ్ పెట్టె ఎనిమిది శాండ్‌విచ్‌లకు వస్తుంది. ఒక్కోదాన్ని నాలుగు త్రికోణాలు చేస్తే 32. మనిషికి నాలుగు చొప్పున నాలుగు పెట్టెలు తెచ్చుకో.

రొట్టె అంచులు ముందే కోయకు. అన్నీ పేర్చాక, రంపపు పళ్ళ కత్తితో, కోసిన ప్రతిసారీ కత్తి తుడుస్తూ కోయి. క్రీమ్ చీజ్ ముందురోజే కలిపి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు, కీర మాత్రం ఆ రోజే. చేసినవాటి మీద గట్టిగా పిండిన తడి గుడ్డ కప్పి ఫ్రిజ్‌లో ఉంచు, లేకపోతే రొట్టె ఎండి అంచులు పైకి లేస్తాయి.

ఇంకొకటి, ఇది మరచిపోకు. తినేది కడుపుతో ఉన్న పిల్ల. క్రీమ్ చీజ్ పెట్టె మీద పాశ్చరైజ్ చేసినట్టు, అంటే పాలను వేడిచేసి క్రిములను చంపినట్టు, రాసి ఉందో లేదో చూసి మరీ కొను. పళ్ళేలన్నీ ఒకేసారి బల్ల మీద పెట్టకు, ఒకటి అయ్యాక ఒకటి తీయి. రెండు గంటలు బయట ఉన్నదాన్ని ఎవరికీ పెట్టకు. ఆ అమ్మాయికి మాత్రం అప్పుడే ఫ్రిజ్‌లోంచి తీసిన పళ్ళెంలోంచి నువ్వే వడ్డించు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ