పాట స్పీడు పెరిగినట్టు తెలియకుండా పెరగాలంటే

ప్రశ్న: నమస్తే సార్, మాది హిందూపురం దగ్గర ఊరు, ఉద్యోగం బెంగళూరులో, ఉండేది మారతహళ్లి. శ్రీరామనవమికి మా అపార్ట్‌మెంట్ పిల్లల చేత మా ఊరి చెక్కభజన ఆడిద్దామని ఇంట్లోనే రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ట్రాక్ తయారుచేస్తున్నా. పాట 80 బీపీఎంతో (నిమిషానికి 80 బీట్లు) మొదలై 120 దాకా పోవాలి. మధ్యమధ్యలో టెంపో (స్పీడు) మార్చే మార్కర్లు పెట్టా కానీ ప్రతి మార్కరు దగ్గరా బండి గేరు మార్చినట్టు జర్క్ కొడుతోంది. పైగా ఢోలక్ లూపు, ముందే పాడి పెట్టుకున్న గొంతు రెండూ తాళం తప్పుతున్నాయి. ఏం చేయాలి?

జవాబు: ముందు జర్క్ సంగతి చూద్దాం. షిఫ్ట్ పట్టుకుని సీ కొడితే వచ్చే మార్కరు మామూలుగా మెట్టులా పనిచేస్తుంది, అంటే తర్వాతి మార్కరు దాకా అదే టెంపో, అక్కడికి రాగానే ఒక్కసారిగా కొత్త టెంపో. ఆ మార్కరు బాక్స్‌లోనే తర్వాతి మార్కరు వరకు మెల్లగా మార్చమనే ఆప్షన్ ఒకటి ఉంటుంది, దానికి టిక్ పెట్టండి, అదీ స్పీడు పెరగడం ఎక్కడ మొదలవ్వాలో ఆ మార్కరుకి పెట్టాలి, చివరిదానికి పెడితే లాభం లేదు. మాస్టర్ ట్రాక్ చూపించి టెంపో మ్యాప్ ఆన్ చేస్కుంటే గీత కంటికి కనబడుతుంది కాబట్టి పని సులువు.

కానీ 80 నుంచి 120కి ఒకే సూటి గీత గీసేసి వదిలేయొద్దు, నా ఉద్దేశంలో అసలు విషయం ఇక్కడే ఉంది. చెవికి బీపీఎం నంబర్లు తెలియవు, ముందున్న స్పీడుకి ఇది ఎంత వంతు ఎక్కువ అనేదే తెలుస్తుంది. 80 నుంచి 90కి పోతే 12.5 శాతం పెరిగినట్టు, అదే 110 నుంచి 120కి పోతే 9 శాతమే. అందుకే సూటి గీతలో మొదట్లో తొందరపెట్టినట్టు, చివర్లో సరిగ్గా ఊపు కావాల్సినప్పుడు చప్పబడినట్టు ఉంటుంది. సమానంగా పెరుగుతున్నట్టు వినిపించాలంటే నాలుగేసి బార్లకి (బారంటే తాళంలో ఒక చుట్టు) ఒక పాయింటు పెట్టి 80, 88.5, 98, 108.4, 120 ఇవ్వండి. రీపర్ టెంపో గీతకి మెట్టు, సూటి గీత ఈ రెండే ఆకారాలు, వంపు దొరకదు, అందుకే ఇన్ని పాయింట్లు. చెక్కభజనకైతే నేను ఇంకా ఆలస్యంగా పెంచుతా. పల్లవి, మొదటి చరణం 80 దగ్గరే కుదురుగా ఉంచి, పిల్లల అడుగులు, చెక్కలు ఒక దారిలో పడ్డాక రెండో చరణం నుంచి కదిలించి చివరి పల్లవిలో ఎక్కువ ఎక్కించండి. 16 బార్లలో మొత్తం పెంచేస్తే, నాలుగు బీట్ల తాళంలో 64 బీట్లు, సగటు 100 అనుకుంటే సుమారు 38 సెకన్లలో అయిపోతుంది, చిన్న పిల్లలకి అది మరీ తక్కువ, 32 బార్లు తీస్కోండి, అప్పుడు పై పాయింట్లు ఎనిమిదేసి బార్లకి ఒకటి వస్తాయి.

ఇక ఆడియో. మిడి ట్రాకులు (శబ్దం కాకుండా నోట్ల ఆదేశాలే ఉండేవి) టెంపోతో పాటు వాటంతటవే నడుస్తాయి కానీ రికార్డు చేసిన శబ్దం అలా కాదు. ఆడియో టెంపోని ఎలా అనుసరించాలో చెప్పే సెట్టింగే టైమ్‌బేస్, మామూలు బీట్స్ టైమ్‌బేస్‌లో ఒక ఐటమ్ (ట్రాకు మీది ఆడియో ముక్క) మొత్తానికి ఒకే రేటు వర్తిస్తుంది, టెంపో ఐటమ్ మధ్యలో మారుతూ పోతుంటే అది వెనకబడక ఏం చేస్తుంది! రీపర్ 6 నుంచి టెంపో మారిన చోటల్లా సాగదీసే ఆటో స్ట్రెచ్ టైమ్‌బేస్ వచ్చింది, లూపుకి అది పెట్టి చూడండి. అయినా 80లో వాయించిన ఢోలక్‌ని 120కి లాగడమంటే ఒకటిన్నర రెట్లు, దెబ్బల్లో పదును పోతుంది. 80, 95, 110 దగ్గర మూడు లూపులు విడిగా వాయించి తీస్కుంటే చాలా బాగుంటుంది. గొంతు మాత్రం మళ్ళీ పాడాల్సిందే, దయచేసి దాన్ని లాగకండి. టెంపో మ్యాప్ పూర్తిగా ఖాయం చేస్కుని, దాని క్లిక్ (బీటుకొకసారి వచ్చే టిక్ శబ్దం) వింటూ పాడితే స్పీడు పెరిగేకొద్దీ ఊపిరి, ఉత్సాహం గొంతులోకి వస్తాయి, అది ఏ సాఫ్ట్‌వేరూ పెట్టలేదు.

గొంతు మీద టెంపోకి కట్టిన డిలే (ప్రతిధ్వని ఎఫెక్ట్) ఉంటే స్పీడు పెరిగే భాగంలో తీసేయండి. బీటు 80లో 750 మిల్లీసెకన్లు, 120లో 500, ఆ మధ్యలో డిలే సమయం జరుగుతుంటే కొన్ని ప్లగిన్లలో శ్రుతి వణుకుతుంది.

మీ ఊరి భజన బృందం వాళ్ళే పాడే వీలుంటే ఇదంతా తిరగేయొచ్చు. క్లిక్ లేకుండా గురువుగారి వెంట పాడనిచ్చి, తర్వాత ఆ రికార్డింగుకి తగ్గట్టు బార్లు సరిచేస్కోవడం, లాజిక్, క్యూబేస్ అనే వేరే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్లలో స్మార్ట్ టెంపో, టెంపో డిటెక్షన్ దీనికోసమే ఉన్నాయి, రీపర్‌లో చేత్తో కొంచెం కష్టపడాలి. వీలుంటే నేను ఈ దారే ఎంచుకుంటా.

ప్రశ్న: నేను కేఆర్ పురంలో ఉంటా, ఏబుల్టన్ లైవ్ అనే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ వాడతా. పాట చివర స్పీడు తగ్గించి ఆపుదామంటే బ్యాటరీ అయిపోయిన టేప్‌లా ఉంటోంది. ఎలా సరిచేయాలి?

జవాబు: అరేంజ్‌మెంట్‌లో మెయిన్ ట్రాక్ తెరిచి, పాత వెర్షన్లలో దాన్నే మాస్టర్ అంటారు, సాంగ్ టెంపో ఆటోమేషన్ ఎంచుకోండి. కింద కనీసం, గరిష్ఠం అని రెండు అంకెలుంటాయి, వాటిని 60, 130కి కుదిస్తే గీత చక్కగా పట్టుకోవచ్చు. రెండు పాయింట్లు పెట్టి ఆల్ట్ పట్టుకుని గీతని లాగితే వంగుతుంది, దాన్ని పైకి ఉబ్బేలా వంచండి, మొదట్లో కొంచెమే తగ్గి చివరి బీట్లలో గట్టిగా పడాలి. స్వీడన్‌లో ఫ్రైబెర్గ్, సుంద్‌బెర్గ్ అని ఇద్దరు పరిశోధకులు పరిగెత్తే మనుషులు ఎలా ఆగుతారో కొలిచి, పాటల చివర స్పీడు తగ్గే తీరుతో పోల్చి 1999లో రాశారు, రెండూ ఇలాగే ఉంటాయి. ఆడియో క్లిప్పులకి వార్ప్ (ఆడియోని టెంపోకి తగ్గట్టు సాగదీసేది) ఆన్‌లో ఉందా, మోడ్ రీపిచ్‌లో లేదు కదా అని చూస్కోండి, రీపిచ్ అయితే స్పీడుతో పాటు శ్రుతీ దిగిపోతుంది, మీరు వింటున్న టేప్ శబ్దం బహుశా అదే. ఆఖరి స్వరాన్ని సాగదీయడానికి టెంపోని ఇంకా కిందకి గుంజొద్దు, ఆ నోటునే పొడుగ్గా పట్టండి.