బైనారల్ బీట్స్ వింటే చదువు మీద ధ్యాస నిలుస్తుందా? ఎన్ని హెర్ట్జ్‌వి వినాలి?

అడిగిన ప్రశ్న ఇది: "అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్-2కి చదువుతున్నాను. గదిలో నలుగురం. పక్కవాళ్ల మాటలతో ధ్యాస నిలవడం లేదు. యూట్యూబ్‌లో ఆల్ఫా తరంగాల బైనారల్ బీట్స్ అని ఉంటాయి కదా, అవి పెట్టుకుంటే లాభం ఉంటుందా? ఎన్ని హెర్ట్జ్‌వి వినాలి?"

పక్కవాళ్ల మాటలు అని మీరే రాశారు. మీ ధ్యాసని ఎత్తుకుపోతున్నది అవే. హెర్ట్జ్ లెక్క చూద్దాం గానీ, దానికంటే మాటల లెక్క పెద్దది. చాలామంది ఈ రెండోదాన్ని వదిలేసి మొదటిదాని వెంట పడుతున్నారు.

తంబురా శ్రుతి చేసేవాళ్లని దగ్గర కూర్చుని చూస్తే బీట్ అంటే ఏమిటో చెవికే తెలిసిపోతుంది. మధ్యలో ఉన్న రెండు సారణి తీగలూ ఒకే స్థాయిలో పలకాలి. ఏ కాస్త తేడా ఉన్నా నాదం "వవ్... వవ్... వవ్" అని ఊగుతుంది. సెకనుకి రెండుసార్లు ఊగితే రెండు తీగల మధ్య తేడా 2 హెర్ట్జ్. బిరడా పిసరంత తిప్పితే ఊపు నెమ్మదిస్తుంది, ఇంకాస్త తిప్పితే పూర్తిగా ఆగుతుంది. అప్పుడు శ్రుతి కలిసినట్టు. ఈ ఊపు పుట్టేది గాలిలోనే, కాబట్టి ఒక చెవి మూసుకున్నా వినిపిస్తుంది.

బైనారల్ బీట్‌కి గాలితో పని లేదు. ఎడమ చెవికి 200 హెర్ట్జ్, కుడి చెవికి 210 హెర్ట్జ్ విడివిడిగా ఇస్తే, రెండు చెవుల నరాల సంకేతాలు మెదడు అడుగున కలిసే చోట 10 హెర్ట్జ్ ఊపు పుడుతుంది. 10 హెర్ట్జ్ శబ్దాన్ని మన చెవి నేరుగా వినలేదు, 20 కింద దానికి పట్టు లేదు. అందుకే ఈ పక్కదారి. దీన్ని 1839లో ప్రష్యా భౌతిక శాస్త్రవేత్త హైన్రిష్ విల్హెల్మ్ డోవ్ గుర్తించాడు. 1973లో జెరాల్డ్ ఓస్టర్ సైంటిఫిక్ అమెరికన్‌లో వ్యాసం రాశాక అందరి నోటా పడింది. ఊపు బాగా తెలిసేది మూల స్వరం 440 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉన్నప్పుడు. 1000 దాటితే మసకబారుతుంది. రెండు చెవుల మధ్య తేడా 30 దాటితే ఊపు పోయి రెండు వేరువేరు స్వరాలు వినిపిస్తాయి. వీడియోలకి పెట్టే "528 హెర్ట్జ్ అద్భుత స్వరం" లాంటి పేర్లకీ దీనికీ సంబంధం లేదు.

మీరు వింటున్నది అసలు బైనారలేనా కాదా ఒక్క నిమిషంలో తేల్చుకోవచ్చు. ఇయర్‌ఫోన్లు రెండూ పెట్టుకుని ఊపు వినండి. తర్వాత ఒకటి తీసేయండి. ఊపు మాయమై సన్నటి ఒకే స్వరం మిగిలితే అది బైనారల్. ఒక చెవిలోనూ ఊగుతుంటే ఆ ఫైల్లో రెండు స్వరాలూ ముందే కలిసిపోయాయన్నమాట, లేదా మీ ఫోన్లో మోనో ఆడియో (రెండు చెవులకీ ఒకటే శబ్దం పంపే సెట్టింగ్) ఆన్‌లో ఉంది. యాక్సెసిబిలిటీ సెట్టింగ్స్‌లో చూడండి. స్పీకర్లో పెట్టి గదంతా వింటే ఊపు గాలిలోనే పుడుతుంది, అది బైనారల్ కాదు. ఒక్క బ్లూటూత్ బడ్ పెట్టుకుని వినేవాళ్లకి బైనారల్ ఊపు అందదు.

సొంతంగా చేసుకోవడం కష్టమేమీ కాదు. కంప్యూటర్లో ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్ తెరిచి, జనరేట్ మెనూలో టోన్ ఎంచుకోండి. సైన్, 200 హెర్ట్జ్, ఆంప్లిట్యూడ్ (శబ్దం జోరు) 0.2, నిడివి 30 నిమిషాలు. ఇంకో మోనో ట్రాక్ తెరిచి అందులో 210 పెట్టండి. మొదటి ట్రాక్ పాన్ మీటని పూర్తిగా ఎడమకి, రెండోదాన్ని పూర్తిగా కుడికి జరపండి. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ఛానెళ్ల దగ్గర స్టీరియో ఉందో లేదో చూసుకోండి. అక్కడ మోనో అని ఉంటే చేసిందంతా వృథా. వేవ్ ఫైల్ అయితే సుమారు 300 ఎంబీ అవుతుంది. ఆంప్లిట్యూడ్ 0.8 పెట్టి వినేవాళ్లు ఉంటారు. శుద్ధ స్వరం పాటలా తగ్గుతూ పెరుగుతూ ఉండదు, అంతసేపూ అదే జోరుతో చెవిలో పడుతుంది. పెద్దవాళ్లకి వారానికి 40 గంటలు 80 డెసిబెల్స్, పిల్లలకి 75 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క.

ఇక ఆల్ఫా సంగతి. జర్మనీలోని యేనాలో హాన్స్ బెర్గర్ 1924లో మొదటిసారి మనిషి తల మీంచి మెదడు విద్యుత్తుని నమోదు చేశాడు, 1929లో ప్రకటించాడు. అందులో స్పష్టంగా కనిపించింది 8 నుంచి 13 హెర్ట్జ్ మధ్య ఊగే ఆల్ఫా. అది ఎప్పుడు పెరుగుతుందో తెలుసా? కళ్లు మూసుకుని ఊరికే కూర్చున్నప్పుడు. కళ్లు తెరిచి లెక్క చేయమంటే పడిపోతుంది. అలాంటప్పుడు "చదువుకి ఆల్ఫా పెంచండి" అని వీడియోకి పేరు పెట్టడంలో అర్థమేముంది? పైగా తల మీద దొరికే ఆ విద్యుత్తు వోల్టులో లక్షల వంతుల్లో ఉంటుంది. దవడ బిగిస్తే వచ్చే కండరాల విద్యుత్తు దాన్ని ముంచేస్తుంది. మెదడు తరంగాలు చూపించే పట్టీ తలకి కట్టుకుని ఇంట్లో చూసుకునే గ్రాఫుల్లో పైకి లేచేది చాలాసార్లు నుదురూ దవడే.

శబ్దంతో పాటు మెదడు ఊగడమనేది మాత్రం నిజం. సెకనుకి 40 సార్లు వచ్చే శబ్దానికి మెదడు గట్టిగా స్పందిస్తుందని 1981లో గాలంబోస్ బృందం చూపించింది. ఇలాంటి స్పందనల ఆధారంగానే ఈనాడు పసిపిల్లలు నిద్రపోతుండగా వినికిడి పరీక్ష చేస్తున్నారు. కానీ మెదడు శబ్దంతో ఊగడం వేరు, దానివల్ల రాజ్యాంగం అధికరణలు గుర్తుండటం వేరు. మొదటిది చూపించి రెండోది అమ్ముతున్నారు, నా బాధంతా అదే. 2020లో మాంట్రియల్ పరిశోధకులు పోల్చి చూస్తే, గాలిలో కలిసే మామూలు బీట్ కంటే బైనారల్ బీట్ మెదడుని తక్కువగా ఊపింది, మనసు స్థితిలో మార్పు రాలేదు. 2019లో పాత ప్రయోగాలన్నీ కలిపి లెక్కగట్టినవాళ్లకి ఓ మోస్తరు లాభం కనిపించింది. 2023లో పోలండ్ పరిశోధకులు వెయ్యి మందితో, ప్రయోగశాలలో కాకుండా వాళ్ల వాళ్ల ఇళ్లలోనే వినిపించి పరీక్ష పెడితే, విన్నవాళ్ల మార్కులు తగ్గాయి. మీరున్నది ఇల్లు లాంటి చోటే కాబట్టి మీకు దగ్గరగా ఉన్నది చివరి ప్రయోగం.

శబ్దం చదువుని ఎంత గట్టిగా దెబ్బతీస్తుందో చూడాలంటే న్యూయార్క్‌లో మన్‌హట్టన్ ఉత్తరపు కొసన ఉన్న పీఎస్ 98 అనే బడి దగ్గరికి వెళ్లాలి. బడికి ఒక పక్క సుమారు 220 అడుగుల దూరంలో స్తంభాల మీద రైలు పట్టాలు. నాలుగున్నర నిమిషాలకో రైలు, ఒక్కోటి దాటడానికి అర నిమిషం. ఆ అర నిమిషం గదిలో 89 డెసిబెల్స్. టీచరు వాక్యం మధ్యలో ఆగుతుంది, రైలు పోయాక మళ్లీ ఎక్కడ ఆపిందో వెతుక్కుంటుంది. లెక్క కడితే పాఠంలో తొమ్మిదో వంతు రైలుకే పోయింది. అదే బడికి రెండో పక్క గదులు నిశ్శబ్దంగా ఉండేవి. అదే బడి, అవే పుస్తకాలు. అర్లీన్ బ్రాన్‌జాఫ్ట్ ఈ రెండు పక్కల పిల్లల చదివే స్థాయిని పోల్చి 1975లో ప్రకటించింది. ఆరో తరగతికి వచ్చేసరికి రైలు పక్క పిల్లలు దాదాపు 11 నెలలు వెనకబడి ఉన్నారు. ఆ తర్వాత పట్టాల కింద రబ్బరు దిండ్లు వేశారు, గదులకి శబ్దం పీల్చే సీలింగ్ పెట్టారు. 1981లో మళ్లీ చూస్తే ఆ తేడా లేదు. ఆ పిల్లల చెవుల్లో కొత్తగా ఏ శబ్దమూ పోయలేదు, ఉన్నదాన్ని తీశారు అంతే.

మీ గదిలో రైలు లేదు, మాటలున్నాయి. రైలు మోత పెద్దదైనా దానికి అర్థం ఉండదు, మాటకి ఉంటుంది. అర్థం తెలియకపోయినా మాట చెరుపే. 1976లో కొల్, వెల్ష్ అనే ఇద్దరు పరిశోధకులు జర్మన్ రానివాళ్లకి జర్మన్ వినిపిస్తూ అక్షరాల వరుసలు గుర్తుపెట్టుకోమన్నారు, తప్పులు పెరిగాయి. మనం చదివింది లోపల ఒక గొంతుతో చెప్పుకుంటూ నిలుపుకుంటాం. బయటి గొంతు దానికి అడ్డం తిరుగుతుంది. సినిమా పాటలు పెట్టుకుని చరిత్ర చదివేవాళ్లు ఇక్కడే దెబ్బ తింటారు: సాహిత్యం ఉన్న పాట ఎక్కువ చెరుపుతుంది, ఒట్టి వీణో వేణువో అయితే తక్కువ. తారీఖులూ అధికరణలూ వరుసగా నేర్చుకునేటప్పుడు ఈ దెబ్బ బాగా తెలుస్తుంది.

కాబట్టి చేయాల్సింది పక్క మాటని అర్థం కాని గొణుగుడుగా మార్చడం. పాలు, తాలు, కాలు: ఈ మూడింటికీ తేడా మొదటి హల్లులో, అరక్షణంలో పదో వంతు కూడా ఉండని చిన్న పేలుడులో ఉంది. ఆ పేలుడు బలమంతా ఎక్కువగా 1000 నుంచి 4000 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. దాన్ని కప్పేస్తే గొంతు వినిపించినా మాట తెలియదు. అందుకే జనం ఇష్టపడే బ్రౌన్ నాయిస్ అనే మంద్రపు హోరు ఈ పనికి చాలదు. అది ఆక్టేవ్‌కి, అంటే హెర్ట్జ్ రెట్టింపైనప్పుడల్లా, 6 డెసిబెల్స్ చొప్పున దిగుతూ, హల్లులున్న చోటికి వచ్చేసరికి నీరసపడుతుంది. జలపాతంలా హాయిగా ఉంటుంది, మాటలు మాత్రం దాని మీంచి తేలి వస్తాయి. పింక్ నాయిస్ అనే ఇంకో రకం హోరు 3 డెసిబెల్స్ చొప్పునే దిగుతుంది, కప్పగలుగుతుంది. ఆడాసిటీలోనే జనరేట్, నాయిస్, పింక్, అరగంట ఫైల్ చేసుకోండి. పది సెకన్ల ముక్కని తిప్పి తిప్పి వేసేవాటిని వద్దనుకోండి, అతుకు ఎక్కడుందో చెవి పట్టేస్తుంది, ఇక దానికోసమే ఎదురుచూస్తుంది. యూట్యూబ్‌లో అయితే మధ్యలో ప్రకటన వస్తుంది, అదీ మాటే. ఫైల్ ఫోన్లో పెట్టుకుని ఫ్లైట్ మోడ్‌లో వినండి.

ఎంత జోరుగా అంటే, పక్క మంచం మీద మాట్లాడేది ఎవరో తెలియాలి, ఏమంటున్నారో తెలియకూడదు. అక్కడ ఆపండి. ఆఫీసుల్లో ఇలాంటి మరుగు శబ్దాన్ని 45 నుంచి 48 డెసిబెల్స్ మధ్య ఉంచుతారు. ఇంకా పెంచితే అదే కొత్త మోత. ఒక జాగ్రత్త: 2024లో పాత ప్రయోగాలని కలిపి చూసిన లెక్క ప్రకారం వైట్ (అన్ని హెర్ట్జ్‌లూ సమానంగా ఉండే హోరు), పింక్ నాయిస్ వల్ల ఏడీహెచ్‌డీ (ధ్యాస, కుదురు నిలవని సమస్య) ఉన్న పిల్లలకీ యువతకీ కాస్త లాభం కలిగింది, అది లేనివాళ్లకి కాస్త నష్టం. అంటే గది నిశ్శబ్దంగా ఉంటే పెట్టుకోకండి. మాటలు మొదలైనప్పుడే పెట్టుకోండి.

దానికంటే ముందు ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ ప్రయత్నించండి. వీటిని చాలామంది చెవి గుమ్మంలో ఆనించి వదిలేస్తారు. పొడి చేతులతో సన్నగా, ముడత పడకుండా నులమాలి. రెండో చేతిని తల వెనక నుంచి తెచ్చి చెవి డొప్పని పైకీ వెనక్కీ లాగి, లోపలికి తోసి, అరనిమిషం వేలితో పట్టుకోవాలి. సరిగా కూర్చుంటే మీ గొంతు మీకే కుండలో మాట్లాడినట్టు వినిపిస్తుంది. వినిపించకపోతే మళ్లీ తీసి పెట్టండి. నాయిస్ క్యాన్సిలేషన్ హెడ్‌ఫోన్ ఫ్యాన్, ఏసీ, బస్సు రొదని బాగా తీస్తుంది, మాటని అంతగా తీయలేదు. మాట కోసం వేలకి వేలు పోసి దాన్ని కొనకండి.

గది సంగతి కూడా. అట్టలతో, ప్లైవుడ్‌తో గదిని విడదీసి పైన అడుగు ఖాళీ వదిలేసే హాస్టళ్లున్నాయి. అడ్డుగోడలో నూటికి ఒక వంతు ఖాళీ ఉన్నా, మిగతాది ఎంత మందంగా కట్టినా 20 డెసిబెల్స్ మించి ఆగదు. తలుపు కింద సందుకి పాత దుప్పటి చుట్టి పెట్టండి. కోడిగుడ్ల ట్రేలు గోడకి అంటించడం దండగ, అవి మాటని ఆపవు. ఫ్యాన్ "గుంయ్" మంటుంటే ఫ్యాన్ కంటే ముందు రెగ్యులేటర్ని చూడండి. కొన్ని ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లు కరెంటుని ముక్కలు చేసి పంపుతాయి, 100 హెర్ట్జ్ గుంయ్ అక్కడిదే. పూర్తి వేగం మీద పెడితే చాలాసార్లు పోతుంది.

కిటికీ అవతల ఫంక్షన్ హాల్ మైకుసెట్టు ఉంటే అది చెవి మూసుకుని భరించాల్సిన విషయం కాదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట లౌడ్‌స్పీకర్ నిషేధం. పండగలకి ప్రభుత్వం ప్రత్యేకంగా అనుమతిస్తే అర్ధరాత్రి వరకే, అదీ ఏడాదికి 15 రోజులు మించకుండా. 112కి ఫోన్ చేయండి. పదిమంది విద్యార్థులు విడివిడిగా చేస్తే ఇంకా మంచిది.

ఇంత చెప్పినా బైనారల్ బీట్స్ మీకు హాయిగా ఉన్నాయనిపిస్తే, "అనిపించడం" మీద ఆధారపడకుండా తేల్చుకోండి. పాత ప్రశ్నపత్రాల నుంచి 20 ప్రశ్నల కట్టలు 12 చేసుకోండి. రోజుకొకటి, ఒకే సమయానికి. కూర్చునే ముందు నాణెం ఎగరేసి, బొమ్మ పడితే బీట్స్, బొరుసు పడితే ఇయర్‌ప్లగ్స్. మార్కులు రాసి పెట్టి, పన్నెండు రోజులూ అయ్యేదాకా కూడి చూడకండి.

పరీక్షకి నెల ముందు మాత్రం అన్నీ తీసేయండి. పరీక్ష హాల్లో ఇయర్‌ఫోన్ ఉండదు. వెనక బెంచీ దగ్గు, ఇన్విజిలేటర్ చెప్పుల చప్పుడు, ఫ్యాన్ ఉంటాయి. 150 ప్రశ్నల మాక్ టెస్టులు 150 నిమిషాలూ చెవుల్లో ఏమీ లేకుండా, ఫ్యాన్ కింద కూర్చుని రాయండి.