పీటర్ గ్రీన్ రికార్డులు వినబోతున్న అబ్బాయికి

చి. సందీప్‌కు పెద్దమ్మ ఆశీస్సులు.

సంటానా బృందం వాయించిన ‘బ్లాక్ మ్యాజిక్ వుమన్’ అసలు వాళ్లది కాదనీ, పీటర్ గ్రీన్ అనే లండన్ గిటారిస్టు కట్టిన పాట అనీ తెలిసి ఆశ్చర్యపోయానని రాశావు. అతని రికార్డులు ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమన్నావు. సంతోషం. మన ఇళ్లలో ఈ సంగీతం గురించి నన్ను అడిగినవాడివి నువ్వొక్కడివే. చెబుతాను గానీ, ముందు ఆ ఫోను పక్కన పెట్టు. అందులో పేరు కొట్టి, అది వడ్డించిన వరసలో వింటే గంటలోపే దారి తప్పుతావు.

ఎందుకంటే అతని ముఖ్యమైన పని చాలావరకు ఫ్లీట్‌వుడ్ మ్యాక్ అనే పేరు కింద ఉంది. ఆ పేరు కొడితే మొదట కనబడేది 1977లో వచ్చిన ‘రూమర్స్’. కోట్ల ప్రతులు అమ్ముడుపోయిన రికార్డు, మంచి రికార్డే. కాని అందులో గ్రీన్ లేడు. అతను 1970 మే నెలలోనే ఆ బృందాన్ని వదిలేశాడు. డ్రమ్స్ వాయించే మిక్ ఫ్లీట్‌వుడ్, బేస్ గిటారు వాయించే జాన్ మెక్‌వీ రెండు కాలాల్లోనూ ఉన్నారు. తక్కిన మనుషులూ సంగీతమూ అన్నీ మారిపోయాయి. అందుకని 1966 నుంచి 1970 వరకు ఒక గీత గీసుకుని, ప్రస్తుతానికి ఆ గీత లోపలే తిరుగు. లెక్కపెడితే నాలుగేళ్లు నిండని పని అది.

(అతన్ని ‘ఆయన’ అననందుకు మీ అమ్మ కోప్పడుతుందేమో. ఇరవై ఏళ్ల కుర్రాడు వాయించినవి ఇవన్నీ. నాకు ‘అతను’ అనే వస్తుంది.)

మొదలు, అమెరికా నల్లవాళ్ల బ్లూస్ సంగీతాన్ని లండన్‌లో వాయించిన జాన్ మేయాల్ బృందంతో చేసిన ‘ఎ హార్డ్ రోడ్’. 1966లో గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ మేయాల్‌ను వదిలి వెళ్లిపోతే, ఆ ఖాళీలోకి గ్రీన్ వచ్చాడు. క్లాప్టన్ దేవుడని లండన్ గోడల మీద రాస్తున్న రోజులవి. నిర్మాత మైక్ వెర్నన్ తరవాతి కాలంలో ఒక సంగతి చెప్పేవాడు. డెక్కా స్టూడియోలోకి కొత్త యాంప్లిఫయర్ ఒకటి వచ్చిందట. క్లాప్టన్ ఏడని అడిగితే, అతను లేడు, అంతకంటే మంచివాణ్ని తెచ్చుకున్నానని మేయాల్ అన్నాడట. వెర్నన్ నమ్మలేదు. ఆ కుర్రాడు వాయించాక నమ్మాడు.

ఆ రికార్డు 1967 ఫిబ్రవరిలో వచ్చింది. ముందు ‘ది స్టంబుల్’ విను. అది అమెరికన్ గిటారిస్టు ఫ్రెడ్డీ కింగ్ వాయించి పేరు తెచ్చుకున్న వాద్యరచన. గ్రీన్‌కు వేగం చేతకాక నెమ్మదిగా వాయించాడన్న అనుమానం తరవాత నీకు రాకూడదు, అందుకే ఇది ముందు. ఆ వెంటనే అతని సొంత రచన ‘ది సూపర్‌నాచురల్’ పెట్టు. మూడు నిమిషాలే. ఒక స్వరం పట్టి సెకన్ల తరబడి వదలడు. యాంప్లిఫయర్ నుంచి వచ్చే ధ్వని తిరిగి తీగను కదిలిస్తుంటే, ఆ కదలికను అదుపులో ఉంచుకుంటూ స్వరాన్ని నిలబెడతాడు. తొందర లేదు, ప్రదర్శన లేదు. మీ అమ్మ వీణ మీద తీగ లాగి గమకం పలికించడం చిన్నప్పటి నుంచి విన్న చెవి నీది. గిటారు తీగను పక్కకు నెట్టి స్వరాన్ని పైకి తీసుకెళ్లే ఈ పద్ధతి నీకు కొత్తగా ఉండదు. వాడే ఐదు స్వరాలు కూడా మన శుద్ధ ధన్యాసివే. అంతమాత్రాన రాగం కోసం వెతకకు. బ్లూస్‌లో గాంధారం సాధారణానికీ అంతరానికీ మధ్య ఎక్కడో ఊగుతుంది, ఒక్కో వాయిద్యగాడు ఒక్కో చోట నిలుపుతాడు. గ్రీన్ ఎక్కడ నిలుపుతాడో పట్టుకోవడానికి పాట ఒకసారి వింటే చాలదు.

మేయాల్‌తో ఉన్నప్పటి సింగిల్ (వైపుకొక పాట ఉండే చిన్న రికార్డు) ఒకదాని రెండో వైపున ‘అవుట్ ఆఫ్ రీచ్’ అని ఒక పాట ఉంది. గ్రీన్ పాడాడు. ‘ఎ హార్డ్ రోడ్’ పొడిగించిన ప్రతుల్లో దొరుకుతుంది, వదలకు. అదే ఏడాది లండన్ క్లబ్బుల్లో ఒక డచ్చి అభిమాని టేపు యంత్రంతో పట్టుకున్న ప్రదర్శనలు 2015లో విడుదలయ్యాయి. ధ్వని గరగరలాడుతుంది, అవి ఇప్పుడే వద్దు, ప్రేమ ముదిరాక వినదగ్గవి.

ఇక ఫ్లీట్‌వుడ్ మ్యాక్. 1967 ఆగస్టులో విండ్సర్ జాజ్ అండ్ బ్లూస్ ఉత్సవంలో తొలిసారి వేదికెక్కారు. ఆ పేరు ఎలా వచ్చిందో గమనించు. బృందం గ్రీన్‌ది. పేరులో మాత్రం డ్రమ్స్ వాయించే ఫ్లీట్‌వుడ్, బేస్ వాయించే మెక్‌వీ ఉన్నారు. పైగా అప్పటికి మెక్‌వీ ఇంకా మేయాల్ దగ్గరే జీతం తీసుకుంటున్నాడు! గ్రీన్‌ను వినేటప్పుడు నువ్వు మనసులో పెట్టుకోవలసింది ఈ స్వభావాన్నే. ఇతరులకు చోటిచ్చే మనిషి. సోలోల కోసం మాత్రమే వెతికితే సగం మనిషి దొరకడు.

1968 ఫిబ్రవరిలో వచ్చిన తొలి రికార్డు తీసుకో, అట్ట మీద సందులో చెత్తకుండీ, కుక్క ఉంటాయి. అందులో దాదాపు సగం పాటలు బృందంలోని మరో గిటారిస్టు జెరెమీ స్పెన్సర్‌వి, అమెరికన్ బ్లూస్ గిటారిస్టు ఎల్మోర్ జేమ్స్ పద్ధతిలో స్లయిడ్ గిటారుతో (తీగల మీద గొట్టం జార్చి వాయించేది) హోరెత్తించేవి. విసుగొచ్చి ముందుకు జరపాలనిపిస్తుంది. జరపకు. ఆ హోరు పక్కన ‘ఐ లవ్డ్ అనదర్ వుమన్’ మొదలైనప్పుడు గది మొత్తం మారిపోతుంది. పక్కది వినకపోతే ఈ మార్పు తెలియదు. వెంటనే మరుసటి నెలలో వచ్చిన సింగిల్ ‘బ్లాక్ మ్యాజిక్ వుమన్’ పెట్టు. ఒకదానిలోంచి మరొకటి ఎలా పుట్టిందో వివరించనక్కర్లేదు. బ్రిటన్ అమ్మకాల జాబితాలో అది 37వ స్థానం దాటలేదు. రెండేళ్ల తరవాత సంటానా దానికి గాబోర్ సాబో రచన ‘జిప్సీ క్వీన్’ను జతచేసి అమెరికాలో 4వ స్థానానికి తీసుకెళ్లాడు. నువ్వు అటునుంచి వచ్చావు కాబట్టి గ్రీన్‌ది మొదట బోసిగా అనిపిస్తుంది. ఇంకో మెట్టు వెనక్కి వెళ్లి షికాగో గిటారిస్టు ఓటిస్ రష్ 1958లో చేసిన ‘ఆల్ యువర్ లవ్’ కూడా విను. ఆ మైనర్ స్వరాల నీడ, మధ్యలో నడక మారడం, అన్నీ అక్కడున్నాయి. ఇలా మూడు మెట్లూ ఒకే బిగిన వింటే ఎవరు ఏమి తీసుకున్నారో, ఎవరు ఏమి కలిపారో నీ చెవికే తెలుస్తుంది.

‘నీడ్ యువర్ లవ్ సో బ్యాడ్’కు కూడా ఇదే పని చెయ్యి. అమెరికన్ గాయకుడు లిటిల్ విల్లీ జాన్ 1955లో పాడినది ముందు, 1968లో గ్రీన్ పాడినది తరవాత. గ్రీన్ వెనకాల వినిపించే వయొలిన్ల బృందానికి స్వరాలు కూర్చినవాడు మికీ బేకర్, అతనూ గిటారిస్టే. ఈ పాటలో గ్రీన్ పాడిన ప్రతి వాక్యం తరవాత గిటారు జవాబు చెబుతుంది. ఆ జవాబుకు ముందు ఎంత సేపు ఊరుకుంటాడో చూడు. నువ్వు పంపిన రికార్డింగులో నీ గిటారు పాటగాడి మాటల మీదే పడి వాయిస్తున్నది, తెలుసా? వేళ్లు బాగానే ఆడుతున్నాయి. ఆగడం ఇంకా రాలేదు.

బృందం రెండో రికార్డు ‘మిస్టర్ వండర్‌ఫుల్’ కోసం డబ్బు పెట్టకు. ఒకే రకం ఎత్తుగడ పదేపదే వస్తుంది. ‘లవ్ దట్ బర్న్స్’ ఒక్కటి విని బయటికి వచ్చెయ్.

సంకలనాలు నాకు నచ్చవు గాని, ఒక్కచోట తప్పవు. ‘ఆల్బట్రాస్’, ‘మ్యాన్ ఆఫ్ ది వరల్డ్’, ‘ఓ వెల్’, ‘ది గ్రీన్ మనలీషి’ నాలుగూ సింగిల్స్‌గా వచ్చినవి, అప్పటి బ్రిటిష్ స్టూడియో ఎల్‌పీల్లో లేవు. వాటిని తేదీల వరసలో విను. ‘ఆల్బట్రాస్’ 1969 మొదట్లో ఇక్కడ బ్రిటన్‌లో 1వ స్థానానికి వచ్చింది. మాటల్లేవు, మూడు నిమిషాలు. ఫ్లీట్‌వుడ్ కర్రలకు బదులు మెత్తని తల ఉన్న మ్యాలెట్లతో డ్రమ్స్ మీద అలలా కొడుతుంటాడు. రెండో గిటారు డానీ కిర్వన్‌ది. పద్దెనిమిదేళ్ల ఆ కుర్రాణ్ని అప్పుడే బృందంలోకి తెచ్చుకున్నారు. బీటిల్స్ వాళ్ల ‘సన్ కింగ్’కు ఇదే ప్రేరణ అని జార్జ్ హారిసన్ చెప్పాడు. ఇక ‘మ్యాన్ ఆఫ్ ది వరల్డ్’ రాత్రి పూట ఒంటరిగా వినొద్దని చెప్పాలని ఉంది, నువ్వు వినవు. అన్నీ ఉన్నాయని చెప్పుకుంటూనే బతుకు మీద విరక్తి పలికే పాట అది. ‘ఓ వెల్’కు రెండు భాగాలున్నాయి. మొదటి భాగం దడదడలాడే గిటారు, అందరికీ తెలిసింది. రెండో భాగం స్పానిష్ గిటారుతో నెమ్మదిగా సాగుతుంది. రేడియోల్లో దాన్ని కోసేస్తారు. గ్రీన్‌కు ప్రాణం ఆ రెండోదే, కాబట్టి రెండూ ఉన్న ప్రతి వెతుకు.

1969లో వచ్చిన ‘దెన్ ప్లే ఆన్’ కొనేటప్పుడు జాగ్రత్త. బ్రిటన్ ప్రతిలో పాటలు ఒక వరస, అమెరికా ప్రతిలో కొన్ని తీసేసి మరో వరస, ఆ తరవాత ‘ఓ వెల్’ను ఇరికించి ఇంకో వరస. 2013 నాటి ప్రతి బ్రిటిష్ వరసను తిరిగి తెచ్చి, సింగిల్స్‌ను చివర్లో చేర్చింది. అదే తీసుకో. ఇందులోనూ గ్రీన్ దాదాపు సగం చోటు కిర్వన్‌కు ఇచ్చాడు. ‘క్లోజింగ్ మై ఐస్’, ‘బిఫోర్ ది బిగినింగ్’ గ్రీన్‌వి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు. 1969 జనవరిలో ఈ బృందం షికాగోలో చెస్ రికార్డుల స్టూడియోకు వెళ్లింది. ఎవరి రికార్డులు విని లండన్‌లో వేళ్లు కాయలు కాయించుకున్నారో, ఆ మనుషులే ఎదురుగా ఉన్నారు: పియానో దగ్గర ఓటిస్ స్పాన్, బేస్ పట్టుకుని విల్లీ డిక్సన్, హార్మోనికాతో వాల్టర్ హార్టన్, గిటార్లతో బడ్డీ గై, హనీబాయ్ ఎడ్వర్డ్స్. ‘బ్లూస్ జామ్ ఎట్ చెస్’ అన్న పేరుతో వచ్చింది. పాటల మధ్య మాటలు కూడా ఉంచారు, వాటిని వదిలేయకు. ఆ పర్యటనలోనే న్యూయార్క్‌లో స్పాన్ కోసం ఒక రికార్డుకు వెనకాల వాయించారు, ‘ది బిగ్గెస్ట్ థింగ్ సిన్స్ కొలోసస్’. అట్ట మీద పేరు స్పాన్‌ది, పాడేది స్పాన్, గ్రీన్ పక్క కుర్చీలో ఉన్నట్టు ఉంటాడు. కాని పియానో వాక్యం ముగిసే చోట గిటారు వచ్చి రెండు మూడు స్వరాలు పెట్టి వెళ్లిపోవడం విను. నన్నడిగితే గ్రీన్ గొప్పతనం ‘ఆల్బట్రాస్’లో కంటే ఇక్కడే ఎక్కువ తెలుస్తుంది. చాలామంది ఒప్పుకోరు.

ఇంత సంయమనం చూశాక బోస్టన్‌కు వెళ్లు. 1970 ఫిబ్రవరి 5, 6, 7 తేదీల్లో బోస్టన్ టీ పార్టీ అనే క్లబ్బులో ప్రదర్శనలను మంచి పరికరాలతో రికార్డు చేశారు. అప్పుడు విడుదల చేయలేదు, 1985 నుంచి ముక్కలుముక్కలుగా వచ్చాయి. ఒకే టేపులను రకరకాల పేర్లతో అమ్మారు కాబట్టి అట్టలు చూసి మోసపోకు, మూడు భాగాలుగా వచ్చినదే సరైనది. ‘జంపింగ్ ఎట్ షాడోస్’తో మొదలుపెట్టి, ఒక ఆదివారం తలుపులు వేసుకుని ‘రాటిల్‌స్నేక్ షేక్’ విను. ఇరవై నిమిషాలకు పైగా సాగుతుంది. గ్రీన్, కిర్వన్ ఒకరి మాట ఒకరు అందుకునే తీరు ఆ మూడు రాత్రుల్లో తారస్థాయికి చేరింది.

ఆ తరవాతి కథ నువ్వు ఎలాగూ చదువుతావు. మ్యూనిక్‌లో ఒక రాత్రి ఎల్‌ఎస్‌డీ, డబ్బంతా దానం చేద్దామంటే తోటివాళ్లు ఒప్పుకోకపోవడం, స్కిజోఫ్రెనియా, ఆసుపత్రులు, విద్యుత్ షాక్ చికిత్స. నేను ఈ దేశానికి వచ్చేసరికి అతను గిటారు వదిలేసి ఉన్నాడు. నేను మానసిక వైద్యురాలిని కాను గాని, ఒక జబ్బునంతా ఒక్క రాత్రి మీద మోపడం డాక్టరుగా నాకు నచ్చదు. ప్రతి పాటలోనూ రాబోయే జబ్బు ఛాయలు వెతకడం అంతకంటే నచ్చదు. ‘ది గ్రీన్ మనలీషి’ డబ్బు గురించి వచ్చిన పీడకల నుంచి రాసిన పాట. అది భయంకరంగా ఉండడానికి కారణం అతను దాన్ని అలా కట్టగలగడం. చేతనైన పని అది. ముందు పాటలు విను, జీవితచరిత్ర తరవాత చదువు.

గిటారు సంగతి కూడా తేల్చేస్తాను. అతని 1959 లెస్ పాల్ గిటారులో మెడ వైపు పికప్ (తీగ కదలికను విద్యుత్తుగా మార్చే భాగం) అయస్కాంతం తిరగబడి ఉందనీ, నీ గిటారుకూ అలా చేయిస్తే ఎంతవుతుందనీ అడిగావు. ఆ బోలు ధ్వని రెండు పికప్పులూ కలిపినప్పుడే వస్తుంది. ఆ గిటారు తరవాత గిటారిస్టు గ్యారీ మూర్ చేతికి వెళ్లింది, ఇప్పుడు మెటాలికా గిటారిస్టు కర్క్ హామెట్ దగ్గరుంది. ముగ్గురూ దానితో వాయించినవి దొరుకుతాయి. పక్కపక్కన విని, ఆ డబ్బు ఖర్చు పెట్టాలో వద్దో నువ్వే తేల్చుకో. నా ఓటు రికార్డులకే.

గీత దాటాక దొరికేవాటిలో ‘ది ఎండ్ ఆఫ్ ది గేమ్’కు తొందర లేదు, అది తీరూ తెన్నూ లేని వాద్యాల కలగాపులగం. 1979 నాటి ‘ఇన్ ది స్కైస్’ ఒకసారి విను, గిటారిస్టు స్నోయీ వైట్ తోడున్నాడు. తొంభైల్లో స్ప్లింటర్ గ్రూప్ అనే బృందంతో తిరిగి వచ్చి చేసినవాటిలో పాతతరం బ్లూస్ గాయకుడు రాబర్ట్ జాన్సన్ పాటల రికార్డు నాకు ఇష్టం. వేళ్లలో పాత చురుకు లేదు, గొంతు బొంగురుపోయింది, అయినా ఆ పాటలకు అది సరిపోయింది. 2020 జులైలో, 73 ఏళ్ల వయసులో, నిద్రలోనే పోయాడు.

చెస్ రికార్డు, స్పాన్ రికార్డు నా దగ్గర రెండేసి ప్రతులున్నాయి. సంక్రాంతికి వచ్చేటప్పుడు తెస్తాను, అవి కొనకు. ఈలోపు ‘ఎ హార్డ్ రోడ్’ పూర్తి చేసి, గాంధారం ఎక్కడ నిలిపాడో నాకు రాయి.

ఇట్లు,
పెద్దమ్మ